అసాయి పొడి: ఏడాదికి పైగా వాడాక షుగర్ సంగతి

షుగర్ ఉన్నవాళ్లకి అసాయి మంచిదట గదా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తా. తిండిగా మంచిదే. షుగర్ తగ్గించే మందు అనుకుని కొంటే మాత్రం డబ్బు దండగ.

నాకు టైప్ 2 షుగర్, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకుంటా. నెల్లూరులో అసాయి పండు దొరికే మాటే లేదు. అది అమెజాన్ నది పక్కన పెరిగే తాటిజాతి చెట్టు కాయ. కోశాక ఒకటి రెండు రోజుల్లోనే పాడైపోతుంది కాబట్టి బయటి దేశాలకు గడ్డకట్టించిన గుజ్జుగానో, ఫ్రీజ్ డ్రై చేసిన (గడ్డకట్టించి తేమంతా తీసేసిన) పొడిగానో వస్తుంది. మొదటి ప్యాకెట్ బెంగళూరులో ఉండే మా బామ్మర్ది తెచ్చాడు. "రోజూ ఒక స్పూను వేసుకో బావా, షుగర్ దెబ్బకి దిగిపోద్ది" అన్నాడు. తర్వాతవి నేనే ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా.

తీపి అసలుండదు. కాస్త కోకో రుచి, కాస్త మట్టి వాసన, నాలిక మీద సన్నటి నూనె జిడ్డు. పెరుగులో కలిపితే ముదురు ఊదా రంగు. మా ఆవిడ గిన్నెలోకి చూసి "ఏందిది, నేరేడుకాయలు పిసికినట్టుంది" అంది. ఆ మాటలో సైన్సు కూడా ఉంది. రెండింటికీ ఆ రంగు ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాల వల్లే వస్తుంది. బ్రెజిల్‌లో బెలెం వైపు జనం అసాయిని చక్కెర లేకుండా, కర్రపెండలం పిండితో, వేయించిన చేపతో కలిపి తింటారట. చేపల పులుసు ఊరివాణ్ణి గదా, ఆ సంగతి చదివాక దాని మీద కాస్త గౌరవం పెరిగింది.

పోషకాల్లో చెప్పుకోదగ్గవి పీచు, కొవ్వు. ఫ్రీజ్ డ్రై పొడి 100 గ్రాముల్లో పీచు 44 గ్రాముల దాకా, కొవ్వు 32 గ్రాముల దాకా ఉంటుంది. చక్కెర 2 గ్రాములు కూడా ఉండదు. ఆ కొవ్వులో సగానికి పైగా ఓలిక్ ఆమ్లం అనే రకం కొవ్వు, మన వేరుశనగ నూనెలోనూ ఎక్కువగా ఉండేది అదే. వినడానికి ఘనంగానే ఉంది, కానీ మనం 100 గ్రాములు తినం గదా. 5 గ్రాముల చెంచాకి వచ్చే పీచు రెండు గ్రాముల పైచిలుకు. ఒక మోస్తరు జామకాయ తింటే అంతకు రెట్టింపు వస్తుంది, పైగా విటమిన్ సి కూడా. అసాయిలో విటమిన్ సి పెద్దగా లేదు.

ఇక అసలు విషయం. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంది కాబట్టి మాటలు నమ్మాల్సిన పని లేకపోయింది. ఉత్త పెరుగు తిన్న రెండు గంటలకు చూసుకున్నా, పొడి కలిపిన పెరుగు తిన్నాకా చూసుకున్నా. పలుమార్లు చూసినా చెప్పుకోదగ్గ తేడా లేదు. వీడియోల్లో చూపించే అసాయి బౌల్ కూడా ఒకసారి చేశాం: అరటిపండు, తేనె, గ్రనోలా (తీపి కలిపి వేయించిన ఓట్స్) అన్నీ వేసి. ఆ రోజు రీడింగు ఎర్రకారం దోసెలు తిన్న రోజుకేమీ తీసిపోలేదు. అందులో అసాయి తప్పేం లేదు, పైన వేసినవాటి ప్రతాపం అది.

పరిశోధనల మాట కూడా ఇంచుమించు ఇదే. 2011లో అమెరికాలో అధిక బరువున్న పదిమందికి నెల రోజులు రోజుకు రెండుసార్లు 100 గ్రాముల గుజ్జు ఇస్తే పరగడుపు షుగర్, ఇన్సులిన్ తగ్గాయి. ప్రకటనలవాళ్లు చూపించేది దీన్నే. పోల్చి చూడ్డానికి అసాయి తీసుకోనివాళ్ల బృందం అందులో లేదు. 2018లో మెటబాలిక్ సిండ్రోమ్ (పొట్ట, బీపీ, షుగర్, కొవ్వుల్లాంటివి కలిసి హద్దు దాటిన స్థితి) ఉన్నవాళ్ల మీద అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి పానీయంతో పోల్చి 12 వారాలు చూస్తే, ఒంటి లోపలి వాపుకి (ఇన్‌ఫ్లమేషన్) సంబంధించిన ఒక సూచిక మెరుగైంది గానీ షుగర్, కొలెస్ట్రాల్ కదల్లేదు.

నా హెచ్‌బిఏ1సి (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు) మాత్రం తగ్గింది. 8కి దగ్గరగా ఉన్నది 7 చిల్లరకి వచ్చింది. బామ్మర్ది అది తన ఘనతే అంటాడు. జరిగిందేంటంటే, సాయంత్రం పులిబొంగరాలో, టీతో బిస్కెట్లో లాగించే టైములో ఈ పెరుగు గిన్నె వచ్చి కూర్చుంది. మధ్యలో పొడి అయిపోయి చాలా కాలం తెప్పించలేదు, ఉత్త పెరుగులో నాలుగు వేరుశనగ పప్పులు వేసుకుని తిన్నా. ఆ తర్వాత చేయించిన టెస్టులోనూ అంకె అక్కడే ఉంది. మా నెల్లూరు పొగతోట వీధుల్లో నేను చూపించుకునే డాక్టరు గారు పొడి సంగతి విని నవ్వి, మాత్ర మాత్రం మార్చలేదు.

కొనేవాళ్లు లేబుల్ వెనక వైపు చదవండి. ఒక అమ్మకందారు పంపిన డబ్బా మీద "అసాయి జ్యూస్ పౌడర్" అని ఉంది, వెనక మాల్టోడెక్స్‌ట్రిన్ అని కూడా ఉంది. అది రక్తంలో గ్లూకోజ్‌ని చకచకా పెంచే పిండి పదార్థం. సీల్ విప్పకుండానే వెనక్కి పంపేశా, డబ్బులు వెనక్కి రావడానికి నానా తిప్పలు పడ్డా. అసాయి గుజ్జు పొడి తప్ప ఇంకేమీ లేనిదే తీసుకోండి. మన కోస్తా గాలికి తడి చెంచా తగిలితే చాలు గడ్డ కట్టేస్తుంది, కొవ్వు ఎక్కువ కాబట్టి బయట పెడితే పాత నూనె వాసన కూడా వస్తుంది. గట్టి మూత సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి.

వంద గ్రాములకి నాకు రెండు వేల దాకా పడింది. ఆ డబ్బుకి గ్లూకోమీటర్ స్ట్రిప్పులు కొనుక్కుంటే ఏం తింటే ఎంత పెరుగుతుందో మీకే తెలుస్తుంది. రంగు, రుచి నచ్చి, ఖర్చుకి వెనకాడనివాళ్లు వాడుకోవచ్చు, చెడేమీ కనపడలేదు. నేనైతే ఈ సీసా అయిపోయాక మళ్లీ తెప్పించను. నేరేడు సీజన్‌లో తొక్కతో సహా నేరేడుపళ్లు, మిగతా రోజుల్లో జామకాయ.