కౌన్సిల్ హౌసింగ్ ఆఫీసు: నోటీసు రాగానే వెళ్ళాల్సిన చోటు

అయిదుకు మూడున్నర మార్కులు ఇస్తున్నాను.

ఇంగ్లండ్‌లో అద్దెకుండే మన తెలుగువాళ్ళలో కౌన్సిల్ (అంటే ఊరి స్థానిక సంస్థ) హౌసింగ్ ఆఫీసు గడప తొక్కినవాళ్ళు నాకు పెద్దగా కనబడలేదు. 2024లో మా ఓనర్ సెక్షన్ 21 నోటీసు పంపాడు. కారణమేమీ చెప్పకుండా రెండు నెలల్లో ఖాళీ చేయమనే నోటీసు అది. కౌన్సిల్‌కి వెళ్దామంటే మా ఆయన "మనమేమైనా ఫుట్‌పాత్ మీద పడుకుంటున్నామా?" అన్నారు. పడుకోకముందే వెళ్ళాలండీ, చట్టమే అలా ఉంది. 2018 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన హోమ్‌లెస్‌నెస్ రిడక్షన్ యాక్ట్ ప్రకారం, 56 రోజుల్లోపు ఇల్లు పోయేలా ఉంటే కౌన్సిల్ అప్పుడే కల్పించుకోవాలి.

మాకు దొరికిన కేస్ ఆఫీసర్ చిన్న కుర్రాడు. జీతం గురించి తర్వాత అడిగాడు, ముందు అడిగింది గ్యాస్ సేఫ్టీ సర్టిఫికెట్. "ఓనర్ మీకిచ్చాడా? డిపాజిట్‌ని ప్రభుత్వం ఆమోదించిన రక్షణ స్కీములో పెట్టినట్టు కాగితం ఉందా?" డిపాజిట్ కాగితం ఉంది, గ్యాస్‌ది ఏనాడూ ఇవ్వలేదు. అది ఇవ్వకుండా పంపాడు కాబట్టి ఆ నోటీసు చెల్లదు! అతను మా ముందే ఓనర్‌కి ఫోన్ చేశాడు. గొంతు పెంచలేదు, బెదిరించలేదు. నోటీసు కోర్టులో నిలవదని, మొదటినుంచి మొదలెట్టడం కంటే వీళ్ళకు ఇల్లు దొరికేదాకా ఆగడం మేలని చెప్పాడు. పాప స్కూల్ టర్మ్ అయ్యేదాకా గడువు దొరికింది. కొత్త ఇంటి డిపాజిట్‌కి కౌన్సిల్ అప్పిచ్చింది, నెలనెలా తీరుస్తున్నాం. ఇదంతా పర్సనల్ హౌసింగ్ ప్లాన్ అని కాగితం మీద రాసిచ్చారు. అందులో వాళ్ళ పనులూ ఉన్నాయి, మా పనులూ ఉన్నాయి. మావే ఎక్కువ, అది వేరే సంగతి.

2026 మే 1 నుంచి సెక్షన్ 21 రద్దు. అయినా ఇల్లు అమ్ముతామనో, అద్దె బకాయి ఉందనో ఖాళీ చేయించే దారులు ఓనర్లకు ఉంటాయి కాబట్టి ఈ ఆఫీసుతో పని తీరిపోదు.

ఇక కోసేసిన మార్కులు. మొదటిసారి ఫోనెత్తినావిడ "బెయిలిఫ్‌లు వచ్చేదాకా అక్కడే ఉండండి" అంది. బెయిలిఫ్‌లంటే కోర్టు ఆర్డరుతో ఇల్లు ఖాళీ చేయించేవాళ్ళు. అందరికీ ఒకే మాటగా అలా చెప్పకూడదని ప్రభుత్వ మార్గదర్శకాలే అంటున్నాయి. అంతదాకా ఆగితే కోర్టు ఖర్చులు మన నెత్తిన పడతాయి. ఇల్లు పోయాక వెళ్ళినవాళ్ళ అవస్థ ఇంకా ఘోరం. పిల్లలున్నవాళ్ళను బీ అండ్ బీ (లాడ్జిలాంటి) గదుల్లో ఆరు వారాలు దాటి ఉంచకూడదు. మాకు తెలిసిన కుటుంబం ఒక్క గదిలో అంతకన్నా ఎక్కువే ఉంది. 2025లో తాత్కాలిక వసతుల్లో ఉన్న కుటుంబాలు ఇంగ్లండ్ మొత్తంలో 1,30,000 దాటాయి. గదికి పోసే డబ్బులో కొంత ముందే డిపాజిట్ల కింద ఇస్తే ఎన్ని ఇళ్ళు నిలిచేవో!

ఒంటరి మగవాళ్ళకైతే ఈ సర్వీసుకి రెండు మార్కులు కూడా ఎక్కువే. మా బస్టాండులో పడుకునే ఒకాయన గురించి స్ట్రీట్‌లింక్ అనే, బయట పడుకునేవాళ్ళ గురించి తెలియజేసే వెబ్‌సైట్‌లో నేనే రిపోర్ట్ పెట్టాను. చోటు, వేళ రాస్తే వీధుల్లో తిరిగి సాయం చేసే అవుట్‌రీచ్ టీమ్ వెతుక్కుంటూ వస్తుంది. వచ్చారు, మాట్లాడారు. కానీ ఆయనకు ఈ ఊరితో 'లోకల్ కనెక్షన్' (ఇక్కడ నివాసం, ఉద్యోగం, బంధువుల లాంటి సంబంధం) లేదట, 'ప్రయారిటీ నీడ్' (ముందుగా ఇల్లు చూపాల్సినవాళ్ళ కోవ) కిందికీ రారట. గడ్డకట్టే చలి రాత్రుల్లో మాత్రం ఈ షరతులు పక్కనపెట్టి లోపలికి తీసుకెళ్ళారు. చలి తగ్గగానే మళ్ళీ బెంచీ మీదే.

వర్క్ వీసా, స్టూడెంట్ వీసా వాళ్ళు చాలామందికి 'నో రికోర్స్' (ప్రభుత్వ సాయం తీసుకోకూడదనే) షరతు ఉంటుంది కనుక కౌన్సిల్ ఇల్లు, డబ్బు ఆశించకండి. సలహా మాత్రం వీసాతో సంబంధం లేకుండా ఉచితం. మీ నోటీసు చెల్లుతుందో లేదో అడగండి. అద్దె ఒప్పందం, డిపాజిట్ కాగితం, నోటీసు మూడూ ప్రింట్ తీసుకెళ్ళండి. ఆన్‌లైన్ ఫారంలో అప్‌లోడ్ చేశామన్నా కౌంటర్ దగ్గర మళ్ళీ అడుగుతారు.