‘సైటెడ్ బై’ లింకు: ఆరేళ్ళు వాడాక

పరిశోధన వ్యాసాలు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో ఎలా వెతకాలో చెప్పడానికి రాయట్లేదు. 2004 నుంచీ ఉన్నదే, అందరూ వాడేదే. నేను చెప్పేది ప్రతి ఫలితం కింద చిన్న అక్షరాల్లో ఉండే ఒక్క లింకు గురించి: ‘సైటెడ్ బై’. ఆ వ్యాసాన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో చూపిస్తుంది, పక్కన ఎన్నిసార్లో చెప్పే ఓ అంకె ఉంటుంది. ఎమ్మెస్సీ మొదటి ఏడాది నుంచి ఇప్పటి పీహెచ్‌డీ దాకా ఆరేళ్ళు వాడాను. మిగతావన్నీ తీసేసినా ఇదొక్కటి ఉంచితే చాలనిపించేంత ఇష్టం. ఆ ఇష్టం ఎలా పుట్టిందో చెప్తే నా పరువు కొంచెం పోతుంది, పోనీ.

న్యూట్రిషన్ మొదటి సెమిస్టర్‌లో ఆహారం గురించిన అపోహల మీద అసైన్‌మెంట్ ఇచ్చారు. నేను పాలకూర కథతో ఎత్తుకున్నాను. పందొమ్మిదో శతాబ్దంలో ఎవరో జర్మన్ శాస్త్రవేత్త పాలకూరలో ఇనుము కొలిచి, దశాంశ బిందువు ఒక స్థానం జరిపి రాసేశాడని, దాంతో ఉన్నదానికి పదింతల ఇనుము లెక్కలోకి వచ్చిందని, అందుకే కార్టూన్లో పొపాయ్ అనే నావికుడు పాలకూర డబ్బాలకి డబ్బాలు మింగుతాడని. ఒక్క చుక్క తప్పు పడితే లోకమంతా పాలకూర తిన్నదంటే ఎవరికి నచ్చదు? పైగా మూడు మూలాలు చూపించాను. ఒక పాఠ్యపుస్తకం, రెండు జర్నల్ వ్యాసాలు. వికీపీడియా జోలికే పోలేదని లోపల కాస్త గర్వం కూడా.

కాయితాలు తిరిగొచ్చాయి. మార్జిన్‌లో మేడమ్ పెన్సిల్‌తో ఒకే వాక్యం రాశారు: “ఈ ముగ్గురూ ముగ్గురేనా, ఒక్కరేనా?”

అర్థంకాక వెళ్ళి అడిగాను. “వాళ్ళెవరి దగ్గర విన్నారో చూసుకుని రామ్మా” అని పంపేశారు.

సరే, వెనక్కి తవ్వాను. పాఠ్యపుస్తకం అధస్సూచిక ఒక వ్యాసాన్ని చూపించింది, ఆ వ్యాసం ఇంకోదాన్ని. మిగతా రెండూ అంతే. మూడు దారులూ చివరికి 1981 బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో టెరెన్స్ హాంబ్లిన్ రాసిన ఒక చిన్న వ్యాసం దగ్గర కలిశాయి. దశాంశం సంగతి అందులో ఒక్క వాక్యంలో ఉంది. ఎక్కడ తెలిసిందో మాత్రం లేదు. నా మూడు మూలాలూ కలిపి ఒక్క మనిషి మాట, దానికీ ఆధారం లేదు.

అప్పటిదాకా ఆ లింకుని నేనెప్పుడూ నొక్కలేదు, అంకె చూసి ఊరుకునేదాన్ని. ఆ రోజు హాంబ్లిన్ వ్యాసం కింద నొక్కాను. తర్వాత దాన్ని ఎవరెవరు ఉదహరించారో పెద్ద జాబితా వచ్చింది. పైన ‘సెర్చ్ వితిన్ సైటింగ్ ఆర్టికల్స్’ అని ఓ గడి ఉంటుంది, దానికి టిక్కు పెట్టి, దశాంశానికి ఇంగ్లీషు మాట కొట్టాను. అలా దొరికింది, 2014లో ‘సోషల్ స్టడీస్ ఆఫ్ సైన్స్’ అనే జర్నల్‌లో ఓలె బ్యోర్న్ రెక్డాల్ రాసిన వ్యాసం. పండితుల మధ్య తిరిగే పుకార్ల గురించి. అందులో ప్రధాన ఉదాహరణ నా పాలకూరే! దాన్ని పట్టుకుంటే 2010 నాటి మైక్ సటన్ పరిశోధన దొరికింది. దశాంశం తప్పు పడిందనడానికి ఆయనకి ఆధారమే దొరకలేదు. పొపాయ్ పాలకూర తిన్నది ఇనుము కోసం కాదు, 1932 నాటి కార్టూన్లో తనే విటమిన్ ఏ కోసమంటాడు.

అన్నిటికన్నా సిగ్గనిపించింది ఇంకోటి. అజాగ్రత్త సైటేషన్ల (ఉదహరింపుల) వల్ల తప్పుడు సమాచారం ఎలా పాకుతుందో హెచ్చరిస్తూ 1995లో వచ్చిన ఓ వ్యాసం కూడా ఇదే దశాంశం కథని నిజమనుకుని వాడుకుందని రెక్డాల్ చూపిస్తాడు. అపోహల మీద నా అసైన్‌మెంట్ కూడా సరిగ్గా అదే కోవలో చేరింది.

రిఫరెన్సుల జాబితా ఎప్పుడూ వెనక్కే చూస్తుంది. 1981లో రాసినాయనకి 2014లో తననెవరు కాదంటారో తెలిసే దారి లేదు. ఈ లింకు ముందుకి చూస్తుంది. 1955లో యూజీన్ గార్‌ఫీల్డ్ అనే సమాచార శాస్త్రవేత్త సైన్స్ వ్యాసాలకి ఇలాంటి సూచి ఉండాలన్నప్పుడు నమూనాగా తీసుకున్నది అమెరికా లాయర్లు వాడే సూచిని. ఒక తీర్పు ఇంకా నిలబడి ఉందా, తర్వాత ఏ కోర్టైనా కొట్టేసిందా అని వాళ్ళు చూసుకునేది అందులోనే. ఇది చదివాక నాకు లింకు మీద గౌరవం పెరిగింది, అంకె మీద తగ్గింది.

ఎందుకంటే మొదటి రెండేళ్ళూ నేను జూనియర్లకి “వంద దాటినవే తీసుకోండి, గొడవుండదు” అని చెప్తూ వచ్చాను. ఆ మాట ఇప్పుడు అనను. టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసం చూడండి, లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో వచ్చింది. పన్నెండు మంది పిల్లల మీద చేసింది, 2010లో జర్నలే వెనక్కి తీసుకుంది. దాని సైటేషన్లు వేలల్లో ఉన్నాయి. తిట్టినవాళ్ళవీ అందులోకే వస్తాయి కదా! పొగడ్తకి ప్లస్, తిట్టుకి మైనస్ అని ఆ అంకెలో ఎక్కడా ఉండదు. నిరుడు వచ్చిన మంచి వ్యాసానికి సున్నా ఉంటే అది దాని తప్పూ కాదు.

లింకుకీ ఇబ్బందులున్నాయి. ఎంత పెద్ద జాబితా అయినా వెయ్యి ఫలితాల దగ్గర ఆగిపోతుంది. బాగా పేరున్నవి పైకొచ్చి కూర్చుంటాయి, కాదన్నవాళ్ళు ఎక్కడో అడుగున ఉంటారు. అందుకే గడికి టిక్కు పెట్టి వెతకడం, ఎడమవైపు సంవత్సరం బిగించడం నాకు అలవాటైంది. వెనక్కి తీసుకున్న వ్యాసాలు కనిపెట్టడానికి దీన్ని నమ్ముకోను, రిఫరెన్సులు దాచుకునే జొటెరో అనే సాఫ్ట్‌వేర్‌ని పక్కన పెట్టుకుంటాను. 2019 నుంచి అది ఎర్రపట్టీతో హెచ్చరిస్తోంది.

ఈమధ్య జూనియర్లు చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులు పట్టుకొచ్చి “అక్కా, స్కాలర్‌లో కనబడింది” అంటున్నారు. కనబడితే చాలదు. పేరు ముందు బ్రాకెట్లలో ‘సైటేషన్’ అని ఉంటే, ఆ వ్యాసాన్ని ఎవరో ఉదహరించారని మాత్రమే అర్థం, స్కాలర్ ఆ వ్యాసాన్ని చూసిందని కాదు. లేని వ్యాసాన్ని ఇద్దరు ఉదహరించినా అక్కడ తేలొచ్చు. మళ్ళీ పాలకూరే.

నాకైతే ఇది లేకుండా థీసిస్ రెండో అధ్యాయం నడిచేది కాదు. కానీ నాది జర్నళ్ళ మీద బతికే సబ్జెక్టు, పైగా డబ్బులు కట్టి చదవాల్సినవి మా లైబ్రరీయే ఇప్పిస్తుంది. చరిత్రో సాహిత్యమో చదువుతూ పాత పుస్తకాలూ ఉత్తరాలూ తిరగేసేవాళ్ళకి ఇంత ఉపయోగం ఉంటుందని చెప్పలేను. రేపు తెల్లారేసరికి ఇవ్వాల్సిన రెండు పేజీల అసైన్‌మెంటుకైతే నేనూ ఇంత దూరం వెళ్ళను, పాఠ్యపుస్తకంతో సరిపెడతాను. కథ మరీ బాగుందనిపిస్తే మాత్రం ఒకసారి నొక్కి చూస్తాను.