నాన్న చేతిరాతతో పచ్చబొట్టు: ఎనిమిదేళ్ల తర్వాత

నాన్న పోయిన మరుసటి ఏడాది ఎడమ ముంజేతి లోపలి వైపు ఆయన చేతిరాతను పచ్చబొట్టుగా వేయించుకున్నాను. ఉన్నవి రెండే మాటలు: "నాన్న ఆశీస్సులు". నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో ఆయన రాసిన ఇన్‌లాండ్ లెటర్లన్నీ ఆ మాటలతోనే ముగిసేవి. అమ్మానాన్నల గుర్తుగా పచ్చబొట్టు వేయించుకోవాలనుకునేవారికి ఎనిమిదేళ్లు దాటాక నేను గట్టిగా చెప్పగలిగేది ఒకటే. వారి ముఖం బొమ్మ కన్నా, అచ్చు అక్షరాల్లో పేరు కన్నా, వారి చేతిరాత మేలు.

ముఖం బొమ్మ సంగతి మా ఇంట్లోనే చూశాను. తమ్ముడు అదే ఏడాది భుజం మీద నాన్న బొమ్మ వేయించుకున్నాడు. వేసినతను మంచి పనివాడు. మొదట్లో ఫొటో చూస్తున్నట్టే ఉండేది. కానీ ముఖానికి పోలిక తెచ్చేవి బుగ్గల కింద, కళ్ల చుట్టూ వేసే లేత నీడలు. ఎండకు ముందుగా వెలిసిపోయేవీ అవే. ఇప్పుడు మీసం, కళ్లజోడు నిలిచాయి గానీ ఆ చూపు నాన్నది కాదు. చేతిరాతకు నీడలతో పని లేదు, నల్లని గీత చాలు.

అయితే మన లిపితో ఒక చిక్కుంది. చర్మం పై పొర దాటి లోపల నిలిచే ఇంకు ఏళ్లు గడిచేకొద్దీ కొద్దిగా పరుచుకుంటుంది, గీత లావెక్కుతుంది. గుడులు, సున్నాలు, ఒత్తులు నిండిన తెలుగులో ఆ కాస్తకే అక్షరం లోపలి ఖాళీ పూడుకుపోతుంది. నాకు వేసినతను ముందే చెప్పి అక్షరాలను ఒకటిన్నర రెట్లు పెంచాడు. అయినా "స్సు" కింది ఒత్తు ఇప్పుడు దాదాపు మూసుకుపోయింది. మిగతాదంతా దూరం నుంచి కూడా చదవొచ్చు.

చర్మం మీదికి దించే నమూనా (స్టెన్సిల్) తీసేటప్పుడు "న్న" దగ్గర అతను ఆగాడు. అక్కడ నాన్న కలం ఇంకు అందక, అదే గీతను రెండోసారి దిద్దారు. రెండు గీతలూ వెంట్రుకవాసి తేడాతో పక్కపక్కనే ఉన్నాయి. "సరిచేయమంటారా?" అని అడిగాడు. వద్దన్నాను. ఇప్పుడవి కలిసిపోయి అక్కడ ఒత్తి రాసినట్టు కనిపిస్తుంది. చేతిరాతనే ఎంచుకోమనడం ఇందుకే. నాన్న చేయి ఆగిన చోటు, మళ్లీ కదిలిన చోటు ఏ బొమ్మలోనూ దొరకవు.

అమ్మ మొదట కోప్పడింది. నాయనమ్మ మోచేతుల దాకా పచ్చబొట్లు చూసి పెరిగిన ఇల్లు మాది, కాబట్టి ఆ కోపం ఎక్కువ రోజులు నిలవలేదు.

సూది ప్యాకెట్‌ను మీ కళ్లముందే విప్పమనండి. వాడిన సూదులతో హెపటైటిస్ బి, సి సోకే ప్రమాదం ఉంది. పుండు మానేదాకా ఈత వద్దు, పొక్కులు గిల్లవద్దు. ఆ తర్వాత ఎండలోకి వెళ్లినప్పుడల్లా సన్‌స్క్రీన్ రాయాలి. రక్తదానం చేసే అలవాటున్నవారు ఏడాది ఆగాలి, మన దేశ నిబంధన అది.

ఉత్తరం నుంచి మాటలు ఎంచుకునేటప్పుడు ఒత్తులు తక్కువున్న వాక్యం చూడండి, వీలైతే సంతకం. పచ్చబొట్టు వేసే చోటికి అసలు కాగితం తీసుకెళ్లకుండా ముందే మంచి స్కాన్ తీయించుకోండి. పాత ఇన్‌లాండ్ లెటర్లు మడతల దగ్గర చిరుగుతాయి, బాల్‌పెన్ రాత కూడా వెలిసిపోతుంది.