రీలోడింగ్ పిచ్చితో బయల్దేరి ఎయిర్ పిస్టల్ దగ్గర ఆగాను: మారతహళ్ళి వైపు ఒక షూటింగ్ రేంజ్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, రేంజ్ పేరు రాయను. కింద పొగడ్తలతో పాటు తిట్లు కూడా ఉన్నాయి, కోచ్ గారేమో మంచి మనిషి, ఆయన పొట్ట మీద కొట్టడం నాకిష్టం లేదు. బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్ కి దగ్గర్లో, టైల్స్ షాపు పైన మూడో అంతస్తు, రెండో అంతస్తులో జిమ్ము. ఆ ఏరియాలో ఉండేవాళ్ళకి ఈపాటికే అర్థమైపోయుంటుంది.

అసలు నేను అక్కడికి ఎలా చేరానంటే, దానికి కారణం డాలస్ లో ఉన్న మా బావ. గ్యారేజీలో కారు బయట పెట్టేసి లోపల బెంచీ వేసుకున్నాడు, వీడియో కాల్ చేసినప్పుడల్లా అక్కడే ఉంటాడు. ఆయన పిచ్చి పేరు రీలోడింగ్, అంటే కాల్చేసిన తూటాల ఖాళీ కేసులతో ఇంట్లోనే మళ్ళీ తూటాలు చేసుకోవడం. ఇత్తడి కేసులు రేంజ్ లో ఏరుకొచ్చి టంబ్లర్ అనే మెరుగుపెట్టే మిషన్ లో వేసి తళతళలాడిస్తాడు, ప్రెస్ కి బిగించిన డై (అచ్చు) లోకి ఒక్కోటీ దూర్చి లివర్ కిందికి లాగుతాడు, పాత ప్రైమర్ (పౌడర్ కి నిప్పంటించే బిళ్ళ) టిక్ మని ఊడి పడుతుంది. కేసు, ప్రైమరు, పౌడరు, బుల్లెట్, ఈ నాలుగే సరుకులు, కానీ ఆయన మాట్లాడుతుంటే మా అమ్మమ్మ ఆవకాయ కొలతలు చెప్పినట్టే ఉంటుంది. పౌడర్ తూకం పుస్తకంలో ఉన్నదాని మీద గింజంత కూడా ఎక్కించడు, ఒక కేసులో పొరపాటున రెండుసార్లు పౌడర్ పడితే పిస్టల్ చేతిలోనే పగుల్తుందంట, అసలు పడకపోతే బుల్లెట్ గొట్టం మధ్యలో ఇరుక్కుంటుందంట. అందుకే ఆ బెంచీ దగ్గరున్నప్పుడు టీవీ పెట్టనివ్వడు, మా అక్క వెళ్ళి మాట్లాడినా చెయ్యి అడ్డం పెడతాడు. డబ్బు బాగా మిగుల్తుందా బావా అంటే "ఏం మిగుల్తుందిరా, మిగిలిన దాంతో ఇంకో వంద ఎక్కువ కాలుస్తా" అన్నాడు.

నాకు పిచ్చెక్కేసింది. ఉద్యోగమే టెస్టింగ్ కదా, ఒక్కో అంకె మార్చి ఫలితం చూడటం అంటే మనకి పండగ. బావ కూడా ఉత్సాహంగా "పాత సింగిల్ స్టేజ్ ప్రెస్ ఒకటి ఖాళీగా ఉంది, వచ్చేటప్పుడు లగేజీలో పడేసి తెచ్చేస్తా" అన్నాడు. వద్దు మహాప్రభో అన్నాను, ఎందుకంటే అప్పటికే చట్టం చదివా. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటాలు తయారు చెయ్యాలంటే దానికి విడిగా లైసెన్స్ కావాలి, ఇంట్లో సరదాకి చేసుకుంటున్నా అనే గడి నాకు ఏ ఫారంలోనూ కనపడలేదు. ఆమ్యునిషన్ అనే మాటకి ఆ చట్టం ఇచ్చిన అర్థంలోనే విడిభాగాలు, తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి, అంటే బావ పెట్టెలో ఆ ఇనుప ప్రెస్ కూడా పంచాయితీయే. పైగా ఆయన చేసేది 9 ఎంఎం, మన దగ్గర మామూలు జనానికి ఆ పిస్టల్ నిషేధిత బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు) కిందకి వస్తుంది. అమెరికా నుంచి వచ్చేవాళ్ళ హ్యాండ్ బ్యాగ్ మూలలో మర్చిపోయిన ఒక్క తూటా దొరికి ఎయిర్ పోర్టులో కేసులైన వార్తలు చూస్తూనే ఉంటాం కదా. ఎవరైనా రీలోడింగ్ వీడియోలు చూసి ఇక్కడ ఆన్ లైన్ లో వెతుకుతుంటే దయచేసి ఆపండి.

మరి మనకి మిగిలిందేంటంటే గాలి, అంటే పౌడర్ బదులు గాలి ఒత్తిడితో కాల్చే ఎయిర్ గన్. 4.5 ఎంఎం బోరు, అదే అంగుళాల్లో పాయింట్ 177, శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉంటే 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. ఒలింపిక్స్ లో ఆడే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఇందులోకే వస్తుంది. అలా చేరా ఈ రేంజ్ లో, నెలకి 8 క్లాసులు, శని ఆదివారాలు.

మొత్తం ఆరు లేన్లు. మూడింటికి ఎలక్ట్రానిక్ టార్గెట్, పక్కన స్క్రీన్ మీద దెబ్బ ఎక్కడ పడిందో వెంటనే చూపిస్తుంది, మిగతా మూడు పాత కప్పీ తాడు టైపు, కాగితం కార్డు తగిలించి బటన్ నొక్కితే ఊగుతూ వెళ్తుంది, ఊగుతూ వస్తుంది. కొత్తవాళ్ళని కాగితం దగ్గరే నిలబెడతారు. మొదట నామోషీ అనిపించింది కానీ ఇప్పుడు నాకు కాగితమే ఇష్టం, పెల్లెట్ (ఎయిర్ పిస్టల్ లో వేసే చిన్న గుండు) ముందు భాగం చదునుగా ఉంటుంది కాబట్టి హోల్ పంచ్ తో కొట్టినట్టు గుండ్రంగా తెగుతుంది, ఆ కార్డు ఇంటికి తెచ్చుకుని ఫ్రిజ్ కి అంటించుకోవచ్చు. మా ఆవిడకి నచ్చలేదు, అది వేరే విషయం.

మొదటి రెండు క్లాసులూ ఒక్క పెల్లెట్ కూడా ఇవ్వలేదు, డబ్బు కట్టి గోడ వైపు చూస్తూ నిలబడ్డాం. తెల్ల గోడకి ఎదురుగా ఖాళీ పిస్టల్ పట్టుకుని ట్రిగ్గర్ నొక్కడం, దింపడం, మళ్ళీ ఎత్తడం. ఒక్క చేత్తోనే పట్టుకోవాలి, రెండో చెయ్యి జేబులో. బావకి చెప్తే "ఒక్క చేత్తోనా, సినిమా అనుకున్నార్రా" అని నవ్వాడు. పిస్టల్ కిలో దగ్గర్లో ఉంటుంది, రూల్ ప్రకారం కిలోన్నర దాటకూడదు. కిలోనే కదా అనుకున్నా, కానీ చెయ్యి బారుగా చాపి పట్టుకుంటే పదో సెకనుకి భుజంలో ఎవడో మేకు కొడుతున్నట్టుంటుంది. క్లాసు అయ్యాక మారతహళ్ళిలో ఆంధ్రా మెస్ కి వెళ్తే ముద్దపప్పు కలుపుతుంటే చెయ్యి వణికి నెయ్యంతా ఆకు పక్కన పోయింది, వడ్డించే అబ్బాయి "జ్వరమా అన్నా" అన్నాడు.

కోచ్ గారు కన్నడాయన, తెలుగు అర్థమవుతుంది, కోపం వస్తే మాత్రం అచ్చ కన్నడం. నేర్పడంలో ఆయనకి వంక పెట్టడానికి లేదు. చూపు టార్గెట్ మీద పెట్టకూడదు, పిస్టల్ చివర ఉన్న ముందు సైటు (గురి చూసే మొన) మీద పెట్టాలి, నల్ల గుండ్రం మసగ్గా కనపడాలి, ఆ నలుపు మధ్యలోకి కాదు దాని కింద సన్నగా తెలుపు వదిలి గురి పెట్టాలి, ఇవన్నీ విని అర్థమైందని తలూపుతాం కానీ కన్ను వినదు, టార్గెట్ వైపే పరిగెడుతుంది. పది మార్కుల రింగు కొలత 11.5 ఎంఎం, అంటే చొక్కా గుండీ అంత, అది పది మీటర్ల దూరంలో. ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలి, కోచ్ గారు నా ఎదురుగానే ట్రిగ్గర్ కి తూకం రాయి తగిలించి పిస్టల్ పైకెత్తి చూపించారు. నొక్కేటప్పుడు వేలు తప్ప ఇంకేదీ కదలకూడదు, నాకేమో నొక్కే క్షణంలో మణికట్టు, భుజం, దవడ కూడా కదుల్తున్నాయి.

భద్రత విషయంలో పది మార్కులూ ఇస్తా. ఆడనప్పుడు గొట్టంలో నారింజ రంగు తీగ దూర్చి ఉండాల్సిందే, స్టాప్ అన్నాక ఎవడైనా పిస్టల్ ముట్టుకుంటే ఆ రోజుకి ఇంటికే. గాలి సిలిండర్లు 200 బార్ ఒత్తిడితో నింపుతారు, ప్రతి సిలిండర్ మీదా తేదీ ఉంటుంది, పదేళ్ళు దాటితే వాడకూడదు. ఒకటి గడువు దగ్గరపడిందని నేను అడిగేలోపే ఆయన తీసి పక్కన పెట్టేశారు.

ఇక నా అసలు దురద. పౌడర్ ఎలాగూ లేదు కదా, పెల్లెట్లనైనా తూచుదాం అనుకున్నా. రేంజ్ వాళ్ళిచ్చే డబ్బాలో కొన్నిటికి వెనక అంచు సొట్టలు, అది చూశాక నాకు నిద్ర పట్టలేదు. నగల షాపువాళ్ళు వాడే చిన్న కాటా ఆన్ లైన్ లో తెప్పించా, ఆర్డబ్ల్యూఎస్ ఆర్10 డబ్బా ఒకటి కొన్నా, 500 పెల్లెట్లు, ఒక్కోటీ 0.45 గ్రాములు. ఆదివారం మధ్యాహ్నం భోజనం కూడా వాయిదా వేసి అన్నీ తూచి మూడు కుప్పలు పెట్టా, బరువు, సమానం, తేలిక. నిజం చెప్పాలంటే మంచి డబ్బా కాబట్టి దాదాపు అన్నీ మధ్య కుప్పలోకే వచ్చాయి, అయినా పట్టువదలకుండా ఓ పాతిక రిజెక్ట్ చేశా. రేంజ్ డబ్బాలోంచి సొట్టలున్నవి కూడా ఏరి ఆ రిజెక్టుల్లో కలిపా.

తర్వాతి క్లాసులో ఏరిన పెల్లెట్లతో కాల్చా. ఎప్పటిలాగే ఆరు, తొమ్మిది, ఏడు, ఐదు. కార్డు చూస్తే మసూచి వచ్చినట్టుంది. కోచ్ గారు ఏమైంది అన్నారు, కాటా కథంతా చెప్పా. ఆయన ఏం మాట్లాడకుండా నా రిజెక్ట్ డబ్బీ తీసుకుని, అదే పిస్టల్ తో, సొట్ట పెల్లెట్లతో ఐదు కాల్చారు. మూడు పదులు, రెండు తొమ్మిదులు. కార్డు నా చేతిలో పెట్టి "కాటా మీద నీ చూపుడు వేలు పెట్టి తూచు" అన్నారు. పక్క లేన్ లో కూతుర్ని తీసుకొచ్చిన నెల్లూరాయన ఉన్నారు, హైదరాబాద్ పిస్టల్ షూటర్ ఈషా సింగ్ ని చూసి పిల్ల పట్టుబట్టి చేరిందట, ఆయన మొహం తిప్పుకుని నవ్వడం నాకు కనపడింది. ఆ పిల్లకి పన్నెండేళ్ళు, నాకన్నా యాభై మార్కులు ఎక్కువ.

పెల్లెట్ తేడా ఉండదని కాదు, అది 570 దాటేవాళ్ళ సమస్య. మ్యాచ్ అంటే 75 నిమిషాల్లో 60 షాట్లు, 600 కి లెక్క. నేను నెలాఖరుకి 40 షాట్లకి 312 చేశా, పెల్లెట్లు ఇచ్చిన మొదటి వారం 251. తూకం వల్ల కాదు, రోజూ రాత్రి లీటరు నీళ్ళ బాటిల్ చాపి పట్టుకున్నందుకు.

ఇప్పుడు తిట్లు. వాష్ రూమ్ లో సబ్బు లేదు. ఇది చిన్న విషయం అనుకోకండి, పెల్లెట్ అంటే సీసం, చేతికి అంటుకుంటుంది, అదే చేత్తో పిల్లలు లేన్ వెనక కూర్చుని కుర్కురే తింటున్నారు. రెండుసార్లు చెప్పా, రేపు పెడతాం అన్నారు, ఇప్పుడు నా సబ్బు నేనే తీసుకెళ్తున్నా. ఫీజు 6,500 అని చెప్పి చేర్చుకున్నాక పెల్లెట్లు వేరే, కార్డులు వేరే అన్నారు, నెలకి ఇంకో 1,400 పైనే అయ్యింది, ముందే చెప్తే పోయేది కదా. మూడో వారానికే రిసెప్షన్ లో కూర్చునే అతను సొంత పిస్టల్ కొనుక్కోమని మొదలెట్టాడు, లక్షన్నర పైమాట, పెట్టెడు కేటలాగులు. కోచ్ గారిని పక్కకి పిలిచి అడిగితే "ఆరు నెలలు అద్దెదే వాడు, గ్రిప్పు మీద ఇసుక కాగితం ఎక్కడ రుద్దాలో నీ చెయ్యే చెప్తుంది, అప్పుడు కొను" అన్నారు. లిఫ్ట్ పనిచెయ్యదు. పార్కింగ్ లేదు, ఆదివారం పొద్దున ఏడు బ్యాచ్ కైతే రోడ్డు మీద చోటు దొరుకుతుంది, పది బ్యాచ్ కి వెళ్తే కింద జిమ్ లో వాళ్ళు బరువులు ధబ్బున పడేస్తుంటారు, సరిగ్గా ట్రిగ్గర్ నొక్కే టైముకి. ఏడుకే వెళ్ళండి.

ఐదుకి మూడున్నర. సబ్బు పెడితే నాలుగు.

క్రిస్మస్ సెలవులకి బావ వచ్చాడు, ప్రెస్ తేలేదు. గెస్ట్ కింద 300 కట్టి రేంజ్ కి తీసుకెళ్ళా. చెయ్యి జేబులో పెట్టమంటే పెట్టలేదు, రెండుసార్లు కోచ్ గారు తీసి పెట్టించారు. పది షాట్లకి 58. కార్డు చాలాసేపు చూసి, డబ్బాలోంచి ఒక పెల్లెట్ తీసి వెలుతురుకి తిప్పి చూసి, "ఒరేయ్, వీటి బరువులు సమానంగా లేవనుకుంటా, నీ దగ్గర కాటా ఉందన్నావు కదా" అన్నాడు.

ఇంటికొచ్చాక ఇచ్చా. రాత్రి పదకొండైనా ఆ బల్ల దగ్గర్నుంచి లేవలేదు.