మెరిసే పిల్లా, మసకబారిన పిల్లా?

హైదరాబాద్‌లో టరాంటులాలు (వెంట్రుకలుండే పెద్ద సాలీళ్లు) పెంచేవాళ్లకు తరచూ వచ్చే సందేహం ఇది. రెండూ మెక్సికన్ రెడ్-నీ (ఎర్ర మోకాళ్ల టరాంటులా జాతి) పిల్లలే, ఒకే ఈడువి. ఒకటి తళతళలాడుతోంది, ఇంకోటి మసకగా ఉంది. ఏది తీసుకోవాలి?

మెరిసేది: బహుశా ఈమధ్యే కుబుసం విడిచింది. పొట్ట చిన్నగా ఉంటుంది. కోరలు గట్టిపడేదాకా మేత వేయకూడదు.

మసకది: పొట్ట ఉబ్బి నల్లబడింది, తిండి మానేసింది. చాలామంది జబ్బనుకుని టెన్షన్ పడతారు గానీ, ఇది సాధారణంగా కుబుసానికి ముందు దశ. రిస్కు ప్రయాణంలోనే, మే ఎండలో బండి మీద కుదుపుతూ తెస్తే ప్రాణం మీదికే వస్తుంది.

పొట్ట మీద బోడి మచ్చ రెంటిలో దేనికున్నా పట్టించుకోకండి. వెంట్రుకలు రాల్చుకుంది, అంతే.

ఆడా మగా అన్నది ఈ వయసులో రంగు చెప్పదు, విడిచిన కుబుసం లోపలివైపు చూస్తే తెలుస్తుంది. ఆడది ఇరవై ఏళ్లు దాటి బతకగలదు, మగది అందులో సగం కూడా కష్టమే.

కొత్తవాళ్లకు మెరిసేదే మేలు, కుబుసం కూడా అడిగి తీసుకోండి. ఓపికుంటే, ఇల్లు దగ్గరైతే మసకది. కాళ్లు కిందికి ముడుచుకున్నది మాత్రం ఎవరికీ వద్దు. మెక్సికన్ రెడ్-నీ సైటిస్ (వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోని జాతి కాబట్టి కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పదు.