డమ్మీ టేబుల్ నేర్పిన కోర్సు: హెల్త్ రీసెర్చ్ మెథడ్స్ ఆన్‌లైన్ డిప్లొమా, రెండేళ్ళ తర్వాత

ఎం.డి., ఎం.ఎస్. వాళ్ళు ఎలాగూ చేసే తప్పనిసరి కోర్సు గురించి కాదు ఇది. ఏడాదిపాటు ఆన్‌లైన్‌లో నడిచే పీజీ డిప్లొమా గురించి. పూర్తయి రెండేళ్ళు దాటింది. ఆ తర్వాత ఇక్కడ అనంతపురంలో నాలుగు ప్రోటోకాల్స్ (పరిశోధన ఎలా చేయాలో ముందే రాసుకునే ప్రణాళికలు) దాని పాఠాలతోనే రాశాం. ఫీజు, సిలబస్ బ్రోచర్‌లో దొరుకుతాయి. చెప్పాల్సింది డమ్మీ టేబుల్ గురించి. ఆ ఒక్క అసైన్‌మెంట్ కోసమైనా ఈ కోర్సు చేయొచ్చు అంటాను.

పద్ధతి ఇదీ. ప్రశ్నాపత్రం రాయకముందే, రేపు థీసిస్‌లో రాబోయే టేబుళ్ళన్నీ అంకెలు లేకుండా గీసి పంపాలి. శీర్షికలో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడూ ఉండాలి. కారణం అనుకున్నది అడ్డవరుసల్లో, ఫలితం నిలువు వరుసల్లో, శాతాలు అడ్డంగా. 'తెలియదు' అన్నదానికి విడిగా గడి. ఆ తర్వాతే ప్రశ్నలు. ప్రతి ప్రశ్న పక్కనా అది ఏ టేబుల్లోకి వెళ్తుందో నంబరు వేయాలి, నంబరు పడని ప్రశ్న కొట్టేయాలి. మన దగ్గర సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు. సీనియర్ థీసిస్‌లోంచి ప్రశ్నాపత్రం దించుకుంటారు, మూడొందల మందిని అడుగుతారు, ఎక్సెల్ షీటు పట్టుకుని స్టాటిస్టీషియన్ దగ్గరికి పోయి "సార్, ఇందులో ఏమైనా వస్తుందేమో చూడండి" అంటారు. అసలు అడగని ప్రశ్నకు ఆయన మాత్రం జవాబు ఎక్కడినుంచి తెస్తారు?

మన జిల్లా ఉదాహరణే తీసుకుందాం. బడిలో 12 ఏళ్ళ పిల్లల పళ్ళమీద ఫ్లోరోసిస్ మచ్చలు (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చేవి), తాగే నీళ్ళతో వాటికున్న సంబంధం. ఆ మచ్చల తీవ్రతను కొలిచే డీన్ సూచికలో ఆరు మెట్లు: నార్మల్, అనుమానం, అతి స్వల్పం, స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. అవి నిలువు వరుసలు. అడ్డంగా నీళ్ళు: బోరు, సత్యసాయి తాగునీటి పథకం కుళాయి, ఆర్వో ప్లాంటు క్యాను. ప్రశ్నాపత్రంలో సహజంగానే "మీ ఇంట్లో ఏ నీళ్ళు తాగుతారు?" అని రాస్తాం. టేబుల్‌కి శీర్షిక పెట్టేటప్పుడు చెయ్యి ఆగిపోతుంది. ఎప్పుడు తాగిన నీళ్ళు? జ్ఞానదంతాలు తప్ప శాశ్వత దంతాల ఎనామెల్ దాదాపు ఎనిమిదో ఏడు నిండేలోపే తయారైపోతుంది. ఊళ్ళో ఆర్వో ప్లాంటు పెట్టి నాలుగేళ్ళే అయ్యుంటే, ఈరోజు 20 లీటర్ల క్యాను తెచ్చుకునే పిల్లాడి పళ్ళమీద ఉన్నది చిన్నప్పటి బోరు నీళ్ళ గుర్తు. ఇప్పటి నీళ్ళే అడిగితే ఆ మచ్చలన్నీ ప్లాంటు నీళ్ళ లెక్కలో పడతాయి. సర్వే తప్పు చేయకుండానే తప్పు జవాబు ఇస్తుంది.

కాబట్టి ప్రశ్న "ఎనిమిదేళ్ళ లోపు ఏ ఊళ్ళో, ఏ నీళ్ళు, ఎన్నేళ్ళు?" అని మారుతుంది. దాన్ని అడగాల్సింది పిల్లాడిని కాదు, వాళ్ళమ్మను. ఇంకో వరుస కూడా కలుస్తుంది: వేరే ఊరు. బెంగళూరుకు వలసపోయి బిల్డింగ్ పనుల దగ్గర పిల్లల్ని పెంచి తిరిగొచ్చిన కుటుంబాలు ఇక్కడ తక్కువేమీ కాదు. 'తెలియదు'తో కలిపి ఐదు వరుసలు, ఆరు మెట్లు, 30 గళ్ళు. కోర్సు చెప్పే శాంపిల్ 384 మంది పిల్లల్ని (ఆ అంకె సంగతి కింద వస్తుంది) పంచితే సగటున గడికి 13 మంది కూడా రారు, 'తీవ్రం' కింద చాలామటుకు ఖాళీయే. ఊహించిన సంఖ్య 5 కన్నా తక్కువున్న గళ్ళు ఐదో వంతు దాటితే కై-స్క్వేర్ (రెండింటికీ సంబంధం ఉందో లేదో చూసే పరీక్ష) ఫలితాన్ని నమ్మలేం. అందుకే నార్మల్-అనుమానం ఒకటిగా, అతి స్వల్పం-స్వల్పం ఒకటిగా, మిగతా రెండూ ఒకటిగా కలపాలని సర్వేకు ముందే నిర్ణయించి రాసిపెట్టాలి. డేటా చూశాక కలిపితే, కావాల్సిన ఫలితం కోసం కలిపారన్న అనుమానం మిగులుతుంది. ఇంతా తేలింది ఒక్క ఖాళీ టేబుల్ గీస్తేనే.

అదే కోర్సులో శాంపిల్ సైజు పాఠం మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు. మచ్చలున్నవాళ్ళు 50 శాతం అనుకుని, ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం తేడా, 95 శాతం నమ్మకంతో లెక్కేస్తే జవాబు 384. క్విజ్ ఆ అంకెనే ఒప్పుకుంటుంది. ఆ ఫార్ములా ఎవరికి వారు విడిగా ఎంపికైనప్పుడే పనికొస్తుంది. ఒక ఊరి పిల్లలంతా ఒకే ట్యాంకు నీళ్ళు తాగుతారు, వాళ్ళ పళ్ళూ ఒకేలా ఉంటాయి. అందుకే 384ను డిజైన్ ఎఫెక్ట్ అనే అంకెతో గుణించి పెంచాలి. ఆ అంకెకు ఒక ఊళ్ళో తీసుకునే పిల్లల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, ఊరి లోపలి పోలికతో (ఒకే ఊరి పిల్లలు ఒకరికొకరు ఎంత పోలి ఉంటారో చెప్పే, సున్నాకూ ఒకటికీ మధ్య అంకె) గుణించి, ఒకటి కలపాలి. పోలిక 0.1 అనుకుంటే, ఊరికి 20 మందైతే 2.9, మొత్తం 1,114 మంది. ఊరికి 10 మందైతే 1.9, 730 మంది చాలు. కానీ 56 ఊళ్ళ బదులు 73 ఊళ్ళు తిరగాలి. పెట్రోలు, మనుషులు, రోజులు లెక్కేసుకుని తేల్చుకోవాల్సింది ఇదే. నీటి సర్వేల్లో పోలిక 0.1 కన్నా బాగా ఎక్కువే ఉండొచ్చు, డిజైన్ ఎఫెక్ట్‌కు అలవాటుగా '2' వేసేస్తే సరిపోదు. ఇదంతా కోర్సులో ఒక స్లయిడు అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. పది శాతం మంది తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు తిరిగి రావనుకుంటే 0.9తో భాగించాలి, 1.1తో గుణించకూడదు. 730కి 812 వస్తుంది, 803 కాదు. దీని ఊసే లేదు.

మొదట్లో అందరికీ గొప్పగా చెప్పిన డేటా పాఠానికీ ఇప్పుడు ఒక మాట చేర్చాలి. సర్వే ఫారాలు నింపే ఎపికలెక్ట్5 యాప్ సిగ్నల్ లేని పల్లెల్లోనూ ఫోన్లో నింపుకునేందుకు చక్కగా పనిచేస్తుంది, వైఫై దగ్గరికొచ్చాక అప్‌లోడ్ చేస్తే చాలు. కానీ పాఠాలన్నీ ఇంగ్లిష్ జవాబులతోనే. తెలుగులో నింపిన సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్‌తో ఎక్సెల్‌లో తెరిస్తే అక్షరాలు పిచ్చిగీతలై కనిపించవచ్చు. అలాగే సేవ్ చేస్తే ఆ కాపీ పోయినట్టే. డేటా మెనూలోంచి ఫైలును రప్పించి, యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలను సరిగ్గా చదివే కోడింగ్) ఎంచుకోవాలి. దానికన్నా మేలు, పిల్లల తల్లికి కనిపించేది తెలుగు, ఫైల్లో చేరేది 1, 2, 3 అయ్యేలా ఫారం కట్టడం.

కాలేజీలో అడిగితే చెప్పే బయోస్టాటిస్టిక్స్ మాస్టారు ఉంటే ఈ డిప్లొమా లేకపోయినా గడుస్తుంది. ఒంటరిగా పీహెచ్‌సీలో ఉంటూ వారానికి ఆరు గంటలు నిజంగా పెట్టగలిగితే, ఇంగ్లిష్ లెక్చర్లతో ఇబ్బంది లేకపోతే, ఫీజుకు తగినదే. థీసిస్ సబ్మిషన్ ఆరు నెలల్లో ఉన్నవాళ్ళకు మాత్రం టైము చాలదు. డమ్మీ టేబుళ్ళ పాఠం వచ్చేది నాలుగో నెలలో.