చీకటి డేరాలో మాగ్నా కార్టా: సాల్స్‌బరీ కెథీడ్రల్ ప్రదర్శన

ఇంగ్లండ్ రాజు అధికారాలకు హద్దులు పెట్టిన ఒప్పందపత్రం మాగ్నా కార్టా. 1215 నాటి దాని ప్రతులు నాలుగే మిగిలాయి. వాటిలో బాగా నిలిచినది ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీ కెథీడ్రల్ చాప్టర్ హౌస్‌లో (మతాధికారుల సమావేశ మందిరంలో), చిన్న చీకటి డేరాలో ఉంది. లోపలికెళ్లగానే ఏమీ కనబడదు; ఒకట్రెండు నిమిషాలు ఆగితే అక్షరాలు తేలతాయి. ఇది పిసినారితనం కాదు. వెలుతురు చేసే నష్టం పోగవుతూనే ఉంటుంది, అందుకే ఇలాంటి పత్రాలకు మామూలుగా వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు. తేమ హెచ్చుతగ్గులైతే పత్రం రాసిన తోలు ముడతలు పడి, సిరా పెచ్చులూడుతుంది. ఫొటోలు తీయనివ్వరు, మంచిదే.

దాదాపు 3,500 లాటిన్ మాటలు, చాలావరకు కుదించి, ఒకే ముద్దగా రాశారు. చట్టబద్ధమైన తీర్పు లేకుండా స్వేచ్ఛాపౌరుణ్ణి బంధించకూడదనే పేరున్న 39వ నిబంధన కోసం వెతక్కండి. ఆ అంకెలు తర్వాతివాళ్లు వేసుకున్నవి. రాజముద్ర ఎప్పుడో ఊడిపోయింది. చేతిరాతను మాత్రం తీరిగ్గా చూడండి: రాసింది రాజుగారి లేఖరి కాదు, ఈ కెథీడ్రల్ లేఖరేనని 2015లో పరిశోధకులు చెప్పారు.